బంగారుతీగకి, శీలావతికి జారే సీసం రిగ్గు ఎలా కట్టాలి (కొత్తగా రాడ్డు కొన్నవాళ్ళకి)

రిగ్గు అంటే వైరు చివర సీసం, గాలం కట్టే అమరిక. మన చెరువుల దగ్గర ఎక్కువమంది కట్టే పద్ధతి ఒకటే. వైరు చివర్న సీసం ముడేసేసి, దానిపైన జానెడు జానెడు దూరంలో మూడు నాలుగు గాలాలు కట్టి, పిండిముద్దలు పెట్టి బలంగా విసిరేయడం. చేపలు పడవా అంటే పడతాయి, ఆకలి మీదున్న చేప దేనికైనా పడుతుంది. కానీ కాస్త ముదిరిన బంగారుతీగ, మూడు నాలుగు కేజీల శీలావతి (తెలంగాణలో రవ్వ అంటారు చూడండి, అదే) అలా పడవు. ఎరని నోట్లోకి పీల్చుకుంటాయి, బరువు తగిలిందా ఠక్కున ఊదేస్తాయి. గట్టు మీద గంట ఒక్కసారి టింగుమని ఊరుకుంటుంది, మనమేమో పరిగెలు గెలుకుతున్నాయిలే అని బీడీ వెలిగిస్తాం.

బంగారుతీగ, శీలావతి లాంటి కార్ప్ జాతి చేపలకి దవడల్లో పళ్ళు ఉండవు, గొంతులో ఉంటాయి. అందుకే అవి కొరికి తినవు, ముందు పీల్చి, నోట్లో రుచి చూసి, నచ్చితే గొంతులోకి పంపి నలుపుతాయి, నచ్చకపోతే బయటికి ఊదుతాయి. ఈ పీల్చడం ఊదడం మధ్యలో ఉన్న కొద్ది టైంలోనే మన పని అయిపోవాలి. జారే సీసం రిగ్గు పని చేసేది అక్కడే. సీసం అడుగున పడుంటుంది, దాని మధ్య రంధ్రంలోంచి వైరు ఫ్రీగా జారుతుంది, చేప ఎర పట్టుకుని కదిలితే సీసం బరువు దానికి తగలదు, కదలిక మాత్రం రాడ్డు దాకా వచ్చేస్తుంది. ఈ రిగ్గులో మీరు పెట్టే ప్రతి ముక్కా వైరు ఆ రంధ్రంలోంచి అడ్డం లేకుండా జారడానికే, ఈ ఒక్కటి గుర్తుంటే సామాన్లు అటూ ఇటూ అయినా మీరే సర్దుకోగలరు.

కొనాల్సినవి పెద్దగా లేవు. మెయిన్ లైన్, అంటే రీలు మీద ఉండే అసలు వైరు, నైలాన్ మోనో (ఒంటిపోగు వైరు), 0.30 నుంచి 0.35 మి.మీ. మందం, మన చెరువులకి ఇది చాలు. సన్నది ఇంకా దూరం పోద్దని 0.22 వేసేవాళ్ళున్నారు, తామర తూళ్ళలోకి చేప దూరినప్పుడు తెలుస్తుంది దాని సంగతి. మధ్యలో రంధ్రం ఉన్న గుడ్డు ఆకారం సీసాలు 40 నుంచి 60 గ్రాములవి ఓ నాలుగు. స్వివెల్స్ (రెండు చివర్లా కన్నులుండి, వైరు మెలిపడకుండా గుండ్రంగా తిరిగే చిన్న లోహపు ముక్కలు) 8 నంబరువి, గాలాలు 4, 6 నంబర్లవి. గాలం నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది, షాపులో తిరగబడి అడక్కండి. రబ్బరు పూసలు దొరికితే మంచిదే, దొరక్కపోతే సైకిల్ షాపుకెళ్ళి వాల్వ్ ట్యూబ్ ఒక మూర తెచ్చుకోండి, ఆ సన్న రబ్బరు గొట్టం ఈ పనికి పూసకంటే బాగుంటుందని నా అభిప్రాయం. హుక్ లింక్ కోసం, అంటే స్వివెల్‌కీ గాలానికీ మధ్య ముక్క కోసం, 0.25 లేదా 0.28 మోనో. మెయిన్ లైన్ కంటే ఇది కాస్త సన్నగా ఉండాలి, ఎందుకంటే ఏ రాయికో పట్టుకుని తెగితే చివరి జానెడే తెగాలి, సీసంతో సహా ముప్పై మీటర్ల వైరు చెరువులో వదిలి రాకూడదు.

కట్టే ముందు సీసాన్ని చేతిలోకి తీసుకుని దాని రంధ్రం రెండు చివర్లా చూడండి. మన దగ్గర దొరికేవి చాలావరకు లోకల్‌గా పోతపోసినవే, రంధ్రం అంచున చిన్న చిన్న ముళ్ళలాగా సీసం పొరలు ఉంటాయి. వేలితో తడిమితే తెలీదు, వైరు ముక్క ఒకటి దూర్చి నాలుగైదు సార్లు లాగి చూస్తే దాని మీద తెల్లటి గీతలు పడతాయి. అలా పడితే లావుపాటి సూదో సన్న మేకో దూర్చి గుండ్రంగా తిప్పి నున్నగా చేయండి. ఇది చేయకుండా ఎంత మంచి వైరు కొన్నా పెద్ద చేప లాగినప్పుడు అక్కడే తెగుతుంది, జనం వైరు కంపెనీని తిడతారు.

ఇక కట్టడం. రాడ్డు రింగులన్నిట్లోంచి వైరు బయటికి తీయండి, రీలు బెయిల్ (వైరుని రీలు మీదికి చుట్టే వంపు తీగ) ఎత్తి ఉంచడం మర్చిపోకండి, కొత్తవాళ్ళు అంతా కట్టేశాక చూస్తే వైరు బెయిల్ కింద నుంచి ఉంటుంది, మళ్ళీ మొదటికి. వైరు చివర్ని సీసం రంధ్రంలోంచి దూర్చండి. దాని తర్వాత వాల్వ్ ట్యూబ్ ముక్క ఒకటి, రెండు సెంటీమీటర్లు చాలు, ఎక్కించండి. తర్వాత స్వివెల్ ముడేయండి. ముడి ఎలా అంటే, వైరుని స్వివెల్ కన్నులోంచి తీసి, కొసని అసలు వైరు చుట్టూ ఐదారు చుట్లు తిప్పి, ఆ కొసని కన్ను పక్కనే ఉన్న చిన్న సందులోంచి దూర్చండి, అప్పుడు పైన ఒక పెద్ద లూపు ఏర్పడుతుంది కదా, దాంట్లోంచి కూడా కొసని తీసి, ఇప్పుడు నోట్లో పెట్టుకుని తడిపి, మెల్లగా లాగి బిగించండి. తడపడం చాదస్తం కాదు, నైలాన్ పొడిగా రాసుకుంటే వేడెక్కి బలం పోతుంది, ముడి పడిన చోట వైరు పిండినట్టు మెలికలు తిరిగి కనిపిస్తే కోసేసి మళ్ళీ కట్టండి. ముడి అయ్యాక వాల్వ్ ట్యూబ్‌ని కిందికి తోసి ముడి మీద తొడగండి. సీసం ప్రతిసారీ వచ్చి గుద్దుకునేది ఈ ముడినే, రబ్బరు లేకపోతే సాయంత్రానికి ముడి నలిగిపోద్ది. ఇంకో లాభం, సీసం రంధ్రం పెద్దదైతే స్వివెల్ అందులో ఇరుక్కుంటుంది, రబ్బరు ఉంటే ఇరుక్కోదు.

స్వివెల్ రెండో కన్నుకి హుక్ లింక్. పొడవు 15 నుంచి 20 సెంటీమీటర్లు, అంటే జానెడు. బురద మరీ ఎక్కువున్న చెరువైతే 30 దాకా పెంచండి, సీసం బురదలో దిగబడినా ఎర పైన తేలి పడుకుంటుంది. పెద్ద పొడవు పెట్టి మూరెడు కట్టేవాళ్ళున్నారు, విసిరినప్పుడు అది మెయిన్ లైన్ చుట్టూ తిరిగి చిక్కుపడటం తప్ప నాకేం లాభం కనపడలేదు.

గాలం కట్టడంలో రెండు దారులున్నాయి. పిండి ముద్దతో వేట అయితే మామూలుగా స్వివెల్‌కి వేసిన ముడే గాలానికీ వేసేయండి, ముద్దని ఉసిరికాయంత చేసి గాలం మొత్తం కప్పేయండి. మొక్కజొన్న, ఉడికించిన శనగల్లాంటి గింజలతో అయితే మాత్రం హెయిర్ రిగ్ నేర్చుకోండి, ఒకసారి అలవాటైతే వదల్రు. గింజ గాలానికి గుచ్చం, గాలం పక్కన సన్నటి దారానికి వేలాడుతూ ఉంటుంది, చేప గింజని పీలిస్తే ఖాళీ గాలం దాని వెంటే లోపలికి పోతుంది, ఊదేటప్పుడు గింజ బయటికొస్తుంది, గాలం కింద పెదవికి గుచ్చుకుంటుంది. 1970ల చివర్లో ఇంగ్లండ్‌లో లెన్నీ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ అనే ఇద్దరు వేటగాళ్ళు తయారుచేశారు దీన్ని, మొదట్లో నిజంగానే తల వెంట్రుక వాడారు, అందుకే ఆ పేరు. ఇప్పుడు వెంట్రుక అక్కర్లేదు, హుక్ లింక్ కొసనే మిగిల్చి కట్టేస్తాం.

కట్టేది ఇలా. 30 సెంటీమీటర్ల ముక్క తీసుకుని ఒక చివర చిన్న లూపు వేయండి, వేలిగోరు దూరేంత. రెండో చివర్ని గాలం కన్నులోంచి వెన్ను వైపు నుంచి ముందుకి, అంటే మొన ఉన్న వైపుకి, దూర్చి లాగండి. లూపు ఉన్న కొస గాలం వెన్ను పక్కగా కిందికి వేలాడాలి. గింజలు ఎక్కించాక గాలం వంపుకీ గింజకీ మధ్య అర సెంటీమీటరు ఖాళీ ఉండేలా పొడవు సరిచూసుకోండి, మొదటిసారి అయితే గింజలు ముందే ఎక్కించేసి కొలుచుకోవడం సులువు. ఇప్పుడు పొడుగు కొసతో గాలం కాడనీ, వేలాడే దారాన్నీ కలిపి, కన్ను దగ్గర్నుంచి కిందికి ఏడెనిమిది చుట్లు పక్కపక్కనే దగ్గరగా చుట్టండి. చుట్లు వదులవకుండా బొటనవేలితో నొక్కిపెట్టి, కొసని మళ్ళీ కన్నులోంచి వెన్ను వైపు నుంచే ముందుకి దూర్చి, తడిపి లాగండి. ఆఖర్ని దూర్చేది తప్పు వైపు నుంచి దూరిస్తే ముడి నిలబడుతుంది కానీ గాలం తిరగదు. కరెక్టుగా కట్టారో లేదో చూడాలంటే లింక్ చివర పట్టుకుని గాలాన్ని మీ అరచేతి మీద మెల్లగా లాగండి, మొన కిందికి తిరిగి చర్మానికి తగులుకోవాలి. తగులుకోవాలి అన్నాను, గుచ్చుకునేదాకా లాగమన్లేదు.

గింజ జారిపోకుండా లూపులో అడ్డంగా పెట్టే స్టాపర్లు ప్యాకెట్లలో అమ్ముతారు, అనవసరం, చీపురుపుల్ల ముక్క మూడు మిల్లీమీటర్లు విరిచి పెట్టండి. గింజల్లోంచి లూపు లాగడానికి సన్న క్రోషే సూది బ్రహ్మాండంగా పనికొస్తుంది, ఇంట్లో అడిగి తీసుకోండి, చెప్పకుండా తెస్తే తర్వాత జరిగేదానికి నాది బాధ్యత కాదు.

గాలం మొన పదును ప్రతిసారీ చూడండి. బొటనవేలి గోరు మీద మొన ఆనించి పక్కకి జరిపితే గీరుకుని ఆగాలి. జారిపోతే ఆ గాలం పని అయిపోయినట్టే. ఈ రిగ్గులో సీసం బరువు గాలాన్ని చేపకి గుచ్చదు కాబట్టి గాలం పదునే దిక్కు.

ఇప్పుడు అసలు పరీక్ష, దీన్ని ఎవరూ చేయరు. రిగ్గు అంతా కట్టాక గట్టు మీదే సీసాన్ని నేల మీద పెట్టి, రాడ్డుని స్టాండులో పెట్టి, రీలు బెయిల్ తెరిచి, గాలం వైపు నుంచి మెల్లగా లాగండి. సీసం కదలకుండా వైరు దాంట్లోంచి జారాలి. సీసం మీతోపాటు దొర్లుకుంటూ వస్తుందంటే ఎక్కడో పట్టేస్తోంది, రంధ్రం అంచో, రబ్బరు ముక్కో, వైరు మీద మడతో చూసి సరిచేయండి. నేల మీద జారనిది నీళ్ళల్లో, బురదలో అస్సలు జారదు. ఇందాక చెప్పిన బురద చెరువుల్లో గుడ్డు సీసం మొత్తం దిగబడి రంధ్రం మూసుకుపోతుంది, అక్కడ ఇంకో పద్ధతి ఉంది. సీసాన్ని నేరుగా వైరు మీద కాకుండా, వైరు మీద ఒక స్వివెల్‌ని ఫ్రీగా తిరిగేలా ఎక్కించి దానికి జానెడు సన్న దారంతో సీసం వేలాడదీయండి. సీసం బురదలో ఉంటుంది, స్వివెల్ పైన ఉంటుంది, వైరు దాంట్లోంచి జారుతుంది. ఆ దారం మెయిన్ లైన్ కంటే బాగా బలహీనమైంది పెట్టండి, సీసం ఇరుక్కుంటే అదొక్కటే తెగిపోద్ది.

అడుగున బురదా, గట్టి నేలా ఎలా తెలుస్తుందంటే, గాలం లేకుండా ఉత్త సీసం విసిరి మెల్లగా లాక్కోండి. గులకరాయి నేల అయితే రాడ్డు కొసకి టకటకమని తెలుస్తుంది, బురద అయితే మొదట పట్టినట్టుండి తర్వాత నున్నగా బరువుగా వస్తుంది, నాచు అయితే ఆగి ఆగి వచ్చి చివరికి సీసం మీద ఆకుపచ్చ తలపాగా చుట్టుకుని వస్తుంది. గట్టి నేల, బురద కలిసే అంచు దొరికిందా, అక్కడే వేయండి.

పిండి సంగతి ఒక్క ముక్కలో చెప్పాలంటే పల్లిచెక్క పొడి రెండు పాళ్ళు, గోధుమపిండి ఒక పాలు, తవుడు అర పాలు, వేయించి దంచిన సోంపు ఒక చెంచా, నీళ్ళు కొద్దికొద్దిగా. చపాతీ ముద్దకంటే గట్టిగా ఉండాలి, నీళ్ళల్లో అరగంట నిలవాలి. ఇంగువ, యాలకులు, నెయ్యి, బ్రెడ్డు, ఒక్కొక్కరిది ఒక్కో రహస్యం, నేను వాటి జోలికి పోను. మొక్కజొన్న గింజలు మాత్రం ఒక రోజంతా నానబెట్టి, గోరు దిగేదాకా ఉడికించాలి. నానకుండా వేస్తే అవి చేప కడుపులో ఉబ్బుతాయి. కొందరు పిండిని సీసం మీద కూడా అద్దుతారు, చుట్టూ మేత ఉంటుందని. గుడ్డు సీసం మీద అద్దితే పిండి రంధ్రంలోకి పోయి వైరు బిగుసుకుంటుంది, కష్టపడి కట్టిందంతా పోయింది. మేత కావాలంటే పిండి అద్దే స్ప్రింగు తెచ్చుకోండి, మధ్యలో ప్లాస్టిక్ గొట్టం ఉన్నది. లేకపోతే చేత్తో నాలుగు ఉండలు పక్కన విసరండి.

అన్నట్టు, అడుగున పడుండే ఈ రిగ్గు అన్ని చేపలకీ ఒకేలా పనిచేయదు. బంగారుతీగ, ఎర్రమోసు అడుగునే మేస్తాయి, వాటికి దీనికంటే మంచిది లేదు. శీలావతి నీళ్ళ మధ్యలో తిరిగేది, కానీ మేత కిందుంటే దిగి వస్తుంది. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, పైపైన మేసే రకం, ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడో, మేత బాగా పడిన చోటో తప్ప అడుగు రిగ్గుకి రావడం తక్కువ. బొచ్చె కోసమే వెళ్తే బెండు కట్టుకుని వెళ్ళండి.

విసరడంలో ఒకే ఒక కిటుకు. సీసం నీళ్ళని తాకే ముందు రీలు స్పూలు (వైరు చుట్టి ఉండే భాగం) అంచు మీద వేలు ఆనించి వైరుని కొంచెం ఆపండి. సీసం గాల్లో ఆగినట్టయి, హుక్ లింక్ దానికి ముందుకి సాగి పడుతుంది, చిక్కుపడదు. పడ్డాక సీసం అడుగుకి చేరేదాకా ఆగి, వైరు బిగుసుకునేదాకా చుట్టి, మళ్ళీ ఒక మూరెడు వదులు ఇవ్వండి. వైరు తీగలా బిగించి పెట్టుకుంటే గట్టు దగ్గర తిరిగే చేపలు దానికి తగిలి బెదురుతాయి. దూరం విసరాలని తాపత్రయపడొద్దు, తెల్లవారుజామున బంగారుతీగలు తుంగ అంచున పది మీటర్ల లోపే తిరుగుతాయి, మనం వాటి తలల మీదుగా చెరువు మధ్యలోకి విసురుతూ ఉంటాం.

రాడ్డు స్టాండులో పెట్టాక డ్రాగ్ (చేప లాగితే రీలు ఎంత బిగువు మీద వైరు వదలాలో సరిచేసే మర) వదులు చేయండి, లేకపోతే చేప రాడ్డుతో సహా పోతుంది, ఇది జోకు కాదు. గంట పెట్టుకోండి, లేదా మొదటి రెండు రింగుల మధ్య వైరుని కిందికి లాగి దానికి చిన్న పిండిముద్ద అతికించండి. ముద్ద నిదానంగా పైకి లేస్తే చేప అవతలికి పోతోంది, ముద్ద కిందికి జారి వైరు వదులైతే చేప మీ వైపే వస్తోంది, చాలామంది ఈ రెండోదాన్ని పట్టించుకోరు. చిన్న చిన్న టకటకలు పరిగెలవీ, జిలేబీలవీ, పీతలవీ, వాటికి లాగొద్దు. వైరు ఆగకుండా పోతున్నప్పుడు డ్రాగ్ బిగించి రాడ్డుని గట్టిగా ఎత్తండి చాలు, సినిమాలోలాగా వెనక్కి పడేలా కొట్టక్కర్లేదు.

సీసాన్ని కదలకుండా బిగించి, దాని బరువుకే గాలం గుచ్చుకునేలా కట్టే బోల్ట్ రిగ్ గురించి వీడియోల్లో చూసుంటారు. ఫారిన్ లేకుల్లో అదే ఎక్కువ వాడతారు, పనిచేస్తుంది కూడా. కాకపోతే దానికి వైరు తెగినప్పుడు సీసం ఊడిపోయే ప్రత్యేకమైన క్లిప్పులు కావాలి, అవి లేకుండా సీసం ముడేసి కడితే తెగిన వైరుతో పాటు ఆ బరువంతా చేప ఈడ్చుకు తిరుగుతుంది, ఏ తామర తూడుకో చుట్టుకుని చస్తుంది. జారే రిగ్గులో స్వివెల్‌కి పైన తెగితే సీసం వైరు మీంచి జారి పడిపోతుంది. అందుకే కొత్తవాళ్ళకి నేను ఇదే చెప్తాను. సీసానికి పైన ఇంకో పూసో, ముడో వేసి దాన్ని కదలకుండా చేయొద్దు మరి, అప్పుడు రెండూ ఒకటే.

సీసం విషం, ఇది తేలిగ్గా తీసుకోకండి. చిన్న సీసం గుళ్ళని పళ్ళతో కొరికి వైరుకి నొక్కే అలవాటు మన దగ్గర ప్రతి గట్టు మీదా ఉంది, కటింగ్ ప్లయర్ ఒకటి సంచీలో పడేసుకోండి. సీసం పట్టుకున్న చేత్తో అన్నం తినే ముందు సబ్బుతో కడుక్కోండి, ఇంట్లో పిల్లలున్న చోట సీసం కరిగించి పోత పోయడం అసలొద్దు. బ్రిటన్‌లో హంసలు ఈ గుళ్ళు మింగి చచ్చిపోతున్నాయని 1987 నుంచి 28 గ్రాముల లోపు చిన్న సీసాలు చాలావాటిని నిషేధించారు. మన చెరువుల్లోనూ బాతులు, కొంగలు తిరుగుతాయి.

ఇంకోటి, ఊరి చెరువులు చాలావరకు మత్స్య సహకార సంఘాల చేతుల్లో ఉంటాయి, చేపపిల్లల్ని వదిలి పెంచుకునేది వాళ్ళు. ముందు వెళ్ళి అడగండి, రాడ్డుకింత అని తీసుకుని ఒప్పుకునేవాళ్ళున్నారు, కుదరదనేవాళ్ళున్నారు, కుదరదంటే కుదరదు. మంజీరా లాంటి అభయారణ్యాల జోలికి పోవద్దు, కేసుల సంగతి పక్కన పెడితే అక్కడ మొసళ్ళు ఉన్నాయి. తూము దగ్గర, పారుతున్న అలుగు మీద నిలబడి వేయొద్దు. వానలు మొదలైన కొత్తల్లో గుడ్లతో ఉన్న చేప పడితే తడి చేత్తో పట్టుకుని వదిలేస్తే మంచిది.

ప్రతి పెద్ద చేప తర్వాతా, ఏ రాయికో పట్టుకుని లాగిన ప్రతిసారీ, సీసానికి పైన మీటరు వైరుని రెండు వేళ్ళ మధ్య పెట్టి లాగి చూడండి. గరుగ్గా తగిలితే అంతవరకు కోసేసి మళ్ళీ కట్టండి, ఐదు నిమిషాల పని. కోసిన ముక్కలు గట్టు మీద పారేయకుండా జేబులో వేసుకోండి, పక్షుల కాళ్ళకి చుట్టుకుంటాయి. రీలుని ఎండలో, బండి డిక్కీలో వదిలేయకండి, నైలాన్ ఎండకి పెళుసుబారుతుంది, పైకి కొత్తగానే కనపడుతుంది కానీ ముడి వేసి లాగితే పుటుక్కున తెగుతుంది. అలా తెగితే రీలు మొత్తం కొత్త వైరు ఎక్కించుకోవడమే, పాతదానికి ముడేసి కొత్తది కలపొద్దు.